సుద్దగుట్ట చేట మాత: గోడ తుడిచే పండుగ కథ

సుద్దగుట్ట దగ్గర బస్సు దిగి పడమటి దిక్కుకు చూస్తే, గుట్ట నెత్తిన కొప్పులా ఒక రాతి గుడి కనబడుతుంది. నలభై మంది లోపలికి వెళితే నలభై ఒకటోవాడు ఊపిరి బయటే పీల్చుకుని రావాలి, అంత చిన్నది. అయినా ఏటా మార్చి ఇరవై అయిదున, మంగళవార్త పండుగనాడు, అందులో పదివేల మంది పడతారు. ఎలా పడతారన్నది ఆ తల్లికే ఎరుక.

రికార్డుల్లో దీని పేరు మంగళవార్త మాత దేవాలయం. ఆ పేరు చెప్పి దారి అడిగితే ఊళ్లో కుక్క కూడా తల ఎత్తదు. చేట మాత గుడి అని అడగండి, ఉయ్యాలలో పిల్ల సైతం వేలెత్తి చూపిస్తుంది.

లోపల పడమటి గోడ నిండా ఒకటే చిత్రం, కుంకుమ ఆరబోసినట్టున్న ఎర్రదనం మీద. మరియమాత రంగు చామనఛాయకు ఒక మెట్టు దిగువన ఉంటుంది. ఒక మోకాలు ఎత్తి కూర్చుని చేటతో జొన్నలు చెరుగుతూ ఉంటుంది. ఎదుట గబ్రియేలు సన్మనస్కుడు, అంటే దేవదూత, దిగివస్తున్నాడు. ఆయనకు తలపాగా ఉంది, పాలపిట్ట రెక్కలున్నాయి, నిమ్మకాయలు నిలబెట్టదగిన మీసాలున్నాయి. కొత్తగా వచ్చినవారు ఆ మీసాలు చూసి నవ్వుతారు. నవ్వితే పాపం లేదు. కథ తెలియకుండా నవ్వితేనే మాతకు కోపం.

పూర్వం ఇక్కడ గుట్ట కింద ముప్పై గడపల క్రైస్తవ వాడ ఉండేది. అప్పటి ఎండలకు తొండలు కూడా గొడుగు అడిగేవట. వాడవారు మూడేళ్లు రాళ్లు మోసి గుడి కట్టుకున్నారు గానీ, లోపల మొక్కడానికి ఒక రూపం లేదు. పటం తెప్పించడానికి గుడి బాధ్యత చూసే విచారణ గురువు రాయప్ప స్వాములవారి దగ్గర స్తోమత లేదు. అప్పుడు ఆరోగ్యమ్మ అనే కూలి మనిషి, వాడలో అందరికంటే పొడుగు నాలుక గలది, నకాషి బాలనర్సవ్వను పిలుద్దామన్నది.

నకాషీలంటే గుడ్డ మీద కులపురాణాలు బొమ్మలుగా రాసే చిత్రకారులు. బాలనర్సవ్వ ఒకప్పుడు ఈ వాడవారి పెద్దలకే అరవై మూరల పటం రాసి ఇచ్చిన మనిషి. వాడ మతం మారాక ఆ పటం విప్పి కథ చెప్పించుకునేవారు లేరు. చుట్టుపక్కల ఊళ్లలోనూ అంతే అయింది. ఆమె కుంచెలు చూరులో ఎండిపోతున్నాయి. అందుకే కబురు అందగానే నూరుడు రాయి నెత్తిన పెట్టుకుని పన్నెండు ఆమడలు ఒక్క పూటలో నడిచి వచ్చింది. వాళ్ల ఇంట ఒక కట్టడి ఉండేది. తాము రాసి తెరిచిన బొమ్మ కళ్లను పరాయి చేయి మూసిందా, ఆ రాసిన చేయి మళ్లీ కుంచె పట్టరాదు. గోడ చూసినప్పుడే ఆమెకు ఆ మాట గుర్తుకు వచ్చింది. గుడ్డయితే చుట్టి చంకన పెట్టుకుని పోవచ్చు. గోడను ఎక్కడికి తీసుకుపోతుంది?

అయినా పని మొదలుపెట్టింది. గుట్ట సుద్దను ఏడుసార్లు వడకట్టింది. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి, ఆ జిగురు సుద్దలో కలిపి గోడకు మూడు పూతలు పూసింది. జిగురు లేని సుద్ద మాట లేని మనిషి లాంటిదని, ఎక్కడా నిలవదని ఆమె అనేది. ఉడుత తోక వెంట్రుకలతో కుంచెలు కట్టుకుంది. దీపపు మసితో నలుపు, గవ్వలు నూరి తెలుపు, ఇంగిలీకంతో ఎరుపు తయారుచేసింది. ఆమె నూరుతుంటే ఆ చప్పుడు మూడు ఊళ్ల అవతల వినబడేదట.

కథ తెలియనిదే గీత గీయదు గనుక, వాడ ఆడవాళ్లను కూర్చోబెట్టి చెప్పించుకుంది. సన్మనస్కుడు వచ్చాడు, నీ కడుపున దేవుని కొడుకు పుడతాడని శుభవార్త చెప్పాడు అని వాళ్లు చెప్పారు. ఆయన వచ్చినప్పుడు ఆ పిల్ల ఏం చేస్తున్నదని ఆమె అడిగింది. ఎవరికీ తెలియదు. పుస్తకం ముందు పెట్టుకుని ప్రార్థిస్తున్నదని ఉపదేశి శౌరయ్య చెప్పాడు. ఈయన వాడలో జపాలు నేర్పే పెద్దమనిషి; తుమ్మినా లాటినులో తుమ్మేవాడు. పెళ్లి కావలసిన బీదింటి పిల్లను పట్టపగలు ఊరికే కూర్చోనిచ్చే తల్లి ఎక్కడుంటుందని ఆరోగ్యమ్మ అన్నది. అలా మాత చేతికి చేట వచ్చింది.

రెక్కల దగ్గర పని ఆగింది. ఇలాంటి చోట్ల కల వస్తుందని, కలలో దేవుడు సెలవిస్తాడని పురాణాల్లో వింటాం. బాలనర్సవ్వ కూడా కల కోసం నలభై రోజులు పడుకుని చూసింది. ఒక్క కల రాలేదు. నలభై ఒకటో రోజు మిట్ట మధ్యాహ్నం ఒక పాలపిట్ట కిటికీలో వాలింది. ముడుచుకుని ఉన్నంతసేపూ అది మట్టి రంగు పిట్ట. ఎగిరేసరికి రెక్కల్లోని నీలం గుడి నిండా పరుచుకుంది. పైలోకం నుంచి వచ్చేవాడు ఇలాగే ఉంటాడని ఆమెకు తెలిసిపోయింది. ఆ సాయంత్రానికే నీలం నూరింది. ఆ రెక్కల గాలికి చేటలోని పొట్టు పైకి లేస్తున్నట్టు రాసింది. మాత తల ఎత్తి చూస్తుంది గానీ, చేట మాత్రం వదలదు. చివరన మాతకు కళ్లు తెరిచి, రంగు చెదరకుండా అవిసె నూనె పూత పూసింది.

శౌరయ్య చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. తన జపాల పుస్తకంలోంచి తీసిన అరచేతంత సీమ పటాన్ని, గోడను మార్చి మార్చి చూశాడు.

“సన్మనస్కునికి మీసాలేంది నర్సవ్వా? పోలీసు పటేలనుకున్నవా?”

“ఏడు తరాల సంది మా ఇంట్ల మీసం లేని మగోన్ని రాయలే పంతులూ.”

“మోక్షంల ఆడ, మగ ఉండదు.”

“మరి నీ పటంల పెద్దదేవునికి గడ్డమెట్ల మొలిచింది?”

శౌరయ్య పటాన్ని గబుక్కున పుస్తకంలో దాచాడు. కోపం రెట్టింపయింది. ఎరుపు నరకం రంగు అన్నాడు, నల్లని మాత ఎక్కడా లేదన్నాడు, పండుగకు గురువులందరికీ పెద్ద అయిన మేత్రాణులవారు వస్తే ఈ కూలి మాతను చూపిస్తామా అన్నాడు. రాయప్ప స్వాములవారు మంచివారే, కానీ మేత్రాణుల పేరు చెబితే ఆయనకు మార్చిలో చలిజ్వరం వచ్చేది. ముఖం మార్చి తెల్లగా రాయమని బాలనర్సవ్వను బతిమాలారు. రాయనన్నది. మీసాలైనా తీసెయ్యమన్నారు. వెంట్రుక కూడా తియ్యనన్నది. చివరికి గోడకు తెల్లపూత వేయించాలని నిర్ణయమైంది. సున్నం నేనే కొడతానని శౌరయ్య పంచె ఎగగట్టాడు.

ఆ పొద్దు బాలనర్సవ్వ అన్నం ముట్టలేదు. శౌరయ్య చేయి ఆ కళ్ల మీద పడితే తన చేతి పని అక్కడితో సరి. తెల్లవారి లేచి స్వాములవారి దగ్గరకు పోయింది.

“నా చెయ్యి రాసింది, నా చెయ్యే కప్పుతది. ఇంకొకరు ముట్టొద్దు,” అన్నది.

ఇంత తేలికగా లొంగినందుకు స్వాములవారు సంతోషించారు. శౌరయ్య అనుమానంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె సుద్ద కలిపి, కుండ ఎత్తి, గోడ పైనుంచి కింది దాకా ఒక్క సందు లేకుండా పూసింది. కళ్ల మీద పూసేటప్పుడు మాత్రం కుంచె వదిలి అరచేయి వాడింది. నీళ్లు అందిస్తున్న ఆరోగ్యమ్మకు ఒకటి కనబడింది. చింతగింజల జిగురు కుండ మూత పెట్టినది పెట్టినట్టే ఉంది.

“అక్కా, జిగురు మరిచినవ్.”

“మరువలే.”

వాడలో పొడుగు నాలుక గల ఆరోగ్యమ్మ ఆ ఒక్కసారి నోరు మూసుకుంది. మూసుకున్నది ఎంతసేపంటే, గుట్ట దిగి ఇంటికి వెళ్లేదాకా. పొద్దు గుంకేలోగా ముప్పై గడపల ఆడవాళ్లకూ సంగతి తెలిసింది.

మంగళవార్త నాడు మేత్రాణులవారు వచ్చారు. గోడ కొంగ రెక్కలా ఉంది. పూజ ముగిసి దీవెన ఇవ్వబోతుండగా ఆరోగ్యమ్మ లేచి, గోడ దగ్గరకు నడిచి, అరచేయి ఆనించి తుడిచింది. సుద్ద పొడిపొడిగా రాలింది. మాత కుడి కన్ను తెరుచుకుంది. ఆమె వెనుక ఇంకొకామె లేచింది, ఆ వెనుక వాడంతా లేచింది. ఎవరి అరచేయి మేర వాళ్లు తుడిచారు. చేట వచ్చింది, జొన్నలు వచ్చాయి, పొట్టు వచ్చింది. గుడిలో సుద్ద మబ్బు లేచి మేత్రాణుల కిరీటం పిండి జల్లెడలా అయింది. ఆపబోయిన శౌరయ్య కాలు జారి రెండు చేతులూ గోడకు ఆనించాడు. ఆ చేతులు తీసేసరికి గబ్రియేలు మీసాలు రెండు వైపులా బయటపడ్డాయి.

ఎవరి పని ఇది అని మేత్రాణులవారు అడిగారు. బాలనర్సవ్వ ముందుకు వచ్చింది. చేతులు కట్టుకోలేదు.

“కప్పమన్నరు, కప్పిన. నిలిచేటట్టు కప్పమని ఎవరనలే స్వామీ.”

ఆయన కిరీటం మీది సుద్ద దులుపుకుని మాత కళ్లలోకి చూశారు. మెచ్చుకోలేదు, శపించనూ లేదు. పై ఏడాది తాను వచ్చేసరికి గోడ తెల్లగా ఉండాలని మాత్రం ఆజ్ఞాపించారు.

“ఉంటది,” అన్నది బాలనర్సవ్వ. “మీరొచ్చేసరికి ఉంటది.”

ఉంది కూడా. ఆమె నూట ఇరవై ఏళ్లు బతికింది; బతికినన్నాళ్లూ ఏటా పండుగ ముందు తన చేత్తోనే కప్పేది, పండుగనాడు వాడ తుడిచేది. మధ్యలో ఆ చేయి ఇంకో పదకొండు గుళ్లకు సన్మనస్కులను రాసింది, ఒక్కరికీ మీసం తగ్గించలేదు. ఆ చేయి ఆగాక సుద్ద కలిపే బాధ్యత ఎవరిదని వెతికితే, ముదుసలి శౌరయ్య తానే కుండ ఎత్తుకున్నాడు. నేటికీ ఆయన వంశం వారే కలుపుతారు. అందులో జిగురు పడలేదని వాడ ఆడవాళ్లు వేలు ముంచి చూస్తేగాని పూత వేయనివ్వరు.

మేత్రాణుల ఆజ్ఞ ఇంతవరకు రద్దు కాలేదు. అందుచేత పండుగ ముందురోజు గోడ పాలలా తెల్లబడుతుంది, పండుగనాడు మిట్ట మధ్యాహ్నానికి మాత మళ్లీ జొన్నలు చెరుగుతుంది. రాలిన సుద్దను నుదుట పెట్టుకున్నవారికి తలనొప్పి తగ్గుతుందని, పంటి పోటు ఆగుతుందని, చెప్పలేని మాట గొంతు దాటి బయటికి వస్తుందని భక్తుల నమ్మిక. మొదటి రెండూ అందరికీ జరగవు. మూడోది జరగనివారు లేరు.

భక్తులు పొడి చేతులతో రావాలి. ఒక్కొక్కరు ఒక్క అరచేతి మేరే తుడిచి, మిగిలింది వెనుకవారికి విడిచిపెట్టాలి. గోడను ముట్టరాదని గుమ్మం పక్కన పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటుంది. చెప్పులు విడిచి, భక్తితో దాన్ని చదివి, లోపలికి వెళ్లి తుడవండి.