ఓబులేసు దమ్ము

సుధీంద్రకు ఒళ్ళు మండిపోయింది. మూడు వారాలుగా అవే అంకెలు. కూతకు వెళ్ళకముందే, ఒక్క అడుగైనా పరిగెత్తకముందే, ఓబులేసు గుండె నిమిషానికి నూట నలభై సార్లు కొట్టుకుంటోంది.

అతను ఒక కబడ్డీ జట్టుకు ఫిట్‌నెస్ ట్రైనర్. జట్టులో అందరూ పొద్దున్నే ఛాతీకి బెల్టు కట్టుకోవాలి. గుండె వేగం ఎప్పటికప్పుడు సుధీంద్ర ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది. తర్వాత వాళ్ళను వరసలో నిలబెట్టి, ముందురోజు అంకెలు పేరుపేరునా చదువుతాడు. చివరివాడికి నలుగురిలో తిట్లు. మనిషన్నవాడు అలా తిట్టకూడదు, అయినా తిట్టేవాడు. ఈమధ్య ఆ చివరివాడు రోజూ ఓబులేసే.

ఆ సాయంత్రమే మ్యాచ్. సుధీంద్ర ల్యాప్‌టాప్ పట్టుకుని, కోచ్ సుభానీ మాస్టారి గదిలోకి దూసుకెళ్ళాడు. ఒకప్పుడు అతనికి ఆట నేర్పింది ఆయనే.

"వాడికి దమ్ము అయిపోయింది మాస్టారూ! ఇంటికి పంపేయండి. ఇన్నేళ్ళు చదివి నేను లెక్కలు తీస్తుంటే, మీరు వాణ్ణి వెనకేసుకొస్తారేంటి? అంకెలు అబద్ధం చెప్తాయా?"

"చెప్పవు," అన్నాడు మాస్టారు.

"మరి?"

మాస్టారు ల్యాప్‌టాప్ తన ముందుకు లాక్కున్నాడు. ఓబులేసు పేరు ఎదురుగా డెబ్బై ఆరు అని ఉంది. అవతల హాల్లో అతను మ్యాట్ మీద కూర్చుని, మోకాలికి పట్టీ చుట్టుకుంటూ పక్కవాడితో నవ్వుతున్నాడు.

"పోయి ఆ వాకిట్లో నిలబడు."

"నిలబడి?"

"ఏం సేయొద్దు. ఊరికే నిలబడు."

ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకున్నాడు సుధీంద్ర. పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

ఓబులేసు తలెత్తి చూశాడు. నవ్వు ఆగిపోయింది. పట్టీ సగంలో వదిలేసి, గబుక్కున లేచి, చేతులు కట్టుకుని నిలుచున్నాడు.

వెనకనుంచి మాస్టారు నెమ్మదిగా చదువుతున్నాడు.

"తొంభై ఎనిమిది... నూట పద్నాలుగు..."

సుధీంద్ర కదల్లేదు. కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు. ముఖం కాలిపోతున్నట్టుంది. ఓబులేసు కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాడు.

"నూట ముప్పై ఒకటి... నూట నలభై."

ల్యాప్‌టాప్ మూసిన చప్పుడైంది.

"ఇంక చాల్లే నాయనా, లోపలికి రా," అన్నాడు మాస్టారు. "వాడు సాయంత్రం ఆడాల."