గోరువంకకు అన్ని గొంతులెందుకు

ఒకప్పుడు గోరువంకకు ఒకటే గొంతు ఉండేది. పిల్లల్ని ముద్దు చేయాలన్నా, పిల్లి వస్తోంది తల లోపల పెట్టుకోమని చెప్పాలన్నా అదే గొంతు.

ఆ రోజుల్లో ఒక గోరువంక మన కాలనీలాంటి కాలనీలో, ప్రహరీ గోడ కన్నంలో పిల్లల్ని పెట్టింది. ఆ గోడ పక్క సందులో బండి తిప్పుకోవడానికి చోటు లేదు. రోజూ పొద్దున నీళ్ల ట్యాంకరు వెనక్కి నడుచుకుంటూ వచ్చేది. పూర్వం బండి వెనక్కి రావాలంటే ఒక మనిషి దిగి, దాని వీపు మీద చరుస్తూ "రానీ, రానీ" అనేవాడు. మధ్యలో బీడీ కూడా ముట్టించుకునేవాడు. నిదానమైన పద్ధతి. సరే, ఆ మనిషి బదులు "టీ, టీ, టీ" అని అరిచే పెట్టె వచ్చింది.

ఆ అరుపులో తల్లి హెచ్చరిక పిల్లలకు వినపడేది కాదు. ఈ సంగతి గండుపిల్లి కనిపెట్టింది. ట్యాంకరు అరుస్తుండగా గోడెక్కి, ఒక పిల్ల తోకలో ఈక పీక్కుపోయింది.

గోరువంక వెళ్లి ట్యాంకరును బతిమాలింది. "కాస్త మెల్లగా అరవవయ్యా, పిల్లలున్నారు."

"నాకు వెనక కళ్లు లేవమ్మా. అరవకపోతే ఎవరి కాలో తొక్కేస్తాను. నా అరుపుకి తప్పుకోనివాడు ఈ సందులో లేడు తెలుసా?" అంది ట్యాంకరు, కొంచెం గర్వంగానే.

గోరువంక గమనించింది. నిజమే. వీధి మధ్య పడుకున్న కుక్క లేచేది. అరుపు తోక దాకా వస్తే గండుపిల్లీ పక్కకు దూకేది.

ఆ రోజు నుంచి గోరువంక చెట్టెక్కి సాధన మొదలెట్టింది. మొగుడు గోరువంక కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. "జలుబు చేసిందేమిటే? మిరియాలు తెచ్చిపెట్టనా?" అన్నాడు చివరికి.

ఒక పొద్దున ట్యాంకరు సందు ఆ చివర అరుస్తోంది. గండుపిల్లి గోడెక్కింది. తల్లి ఎంత పిలిచినా పిల్లలకు వినపడలేదు. పిల్లి అలికిడికి అమ్మ మేత తెచ్చిందనుకుని నోళ్లు తెరిచి తలలు బయటపెట్టారు. పిల్లి పంజా ఎత్తింది.

గోరువంక సరిగ్గా దాని తోక వెనక వాలి, "టీ, టీ, టీ" అంది.

పిల్లి వెనక్కి చూడనైనా లేదు. దూకి, గోడవతల ఇంట్లో బట్టలుతుకుతున్న తాయారమ్మగారి బకెట్లో పడింది. తాయారమ్మగారు బకెట్టు వదిలేసి, బిందె పట్టుకుని గోడ దగ్గరికి పరుగెత్తింది. "ట్యాంకరు ఈ చివరికి ఎప్పుడొచ్చిందర్రా?" అని ఖాళీ సందును అడిగింది.

ఒక్క అరుపు ఎన్నాళ్లు పనిచేస్తుంది? పిల్లి పసిగట్టేలోగా గోరువంక కుక్క మొరుగుడు, కుక్కరు కూత, స్కూటరు దగ్గు కూడా నేర్చి, అన్నీ పిల్లలకు నేర్పింది.

అప్పటినుంచే గోరువంక విన్న శబ్దమల్లా దాచుకుంటుంది. ఖాళీ సందులో "టీ, టీ" అని వినపడితే బిందె తీయకండి. గోడ మీద చూడండి, పిల్లి ఉంటుంది.