చలికి వణికిన గుడ్డు

ఒకప్పుడు వేడి ఇప్పటిలా ఉండేది కాదు. దానికి సందడంటే మహా ఇష్టం. తనవాళ్ళు ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడికే పరుగెత్తేది. వెచ్చగా ఉన్నది ఇంకా కాగిపోయేది. చల్లగా ఉన్నది ఇంకా చల్లబడేది.

హనుమాయమ్మ పొయ్యి మీద నీళ్ళు పెడితే, వాటిలో ఉన్న కాస్త వేడీ మంటలోకి దూకేసేది. కింద పొయ్యి భగభగ, పైన కుండలో మంచుగడ్డ!

"స్నానానికి నీళ్ళడిగితే గడ్డ ఇస్తావేమే?" అని మొగుడు వీరాస్వామి అరిచేవాడు.

"పగలగొట్టుకుని రుద్దుకో!" అనేది ఆవిడ.

వాళ్ళకంటే పెద్ద కష్టం వాళ్ళింటి చుక్కలపెట్టకి వచ్చింది. గంపలో గుడ్లు పొదగడానికి కూర్చుంటే, గుడ్లలో ఉన్న వేడంతా దాని పొట్టలోకి ఎక్కేసింది. పెట్ట ఒళ్ళు కుంపటిలా కాలిపోతోంది. గుడ్లేమో గులకరాళ్ళలా చల్లబడుతున్నాయి.

ఒక గుడ్డులోంచి సన్నగా మాట వినిపించింది. "అమ్మా, చలేస్తోందే!"

పెట్ట మెడ వంచి తన పొట్టనే తిట్టింది.

"ఏయ్ వేడీ! బయటికి రా! నా పిల్లల దగ్గరికి పో!"

"అమ్మో, అక్కడ మావాళ్ళెవరూ లేరు. నాకు భయం," అంది వేడి లోపలినుంచి.

"ఇక్కడ ఇరుకుగా లేదూ?"

"ఇరుకే. నా కాలు ఎవరి నెత్తిమీద ఉందో నాకే తెలీదు. అయినా కాలక్షేపం బాగుంది."

"అమ్మా..." అంది గుడ్డు మళ్ళీ. ఆ తర్వాత మాట లేదు.

పెట్ట కొక్కొక్కోమని ఏడ్చింది. వేడికి జాలేసింది.

"ఏడవకు తల్లీ. ఒక్కసారి చూసొస్తాను," అని భయపడుతూనే గుడ్డులోకి దూరింది.

లోపల బిగుసుకుపోయిన పిల్ల ఒకటి గబుక్కున దాన్ని వాటేసుకుంది. "వచ్చావా!" అంది.

వేడి తెల్లబోయింది. తనవాళ్ళ గుంపులో అది వచ్చినా, పోయినా పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇంత సంబరంగా ఎవరూ ఎప్పుడూ పిలవలేదు.

"ఒరేయ్, అందరూ రండ్రా! ఇక్కడ మనకోసం కాచుకున్నారు!" అని కేకేసింది.

అంతే, పెట్ట పొట్టలోంచి వేడి బిలబిలా దిగింది. తల్లీ గుడ్లూ సమానంగా వెచ్చబడేదాకా దిగుతూనే ఉంది. కొన్నాళ్ళకి పెంకు పగిలింది. పిల్ల తల బయటపెట్టి, "అబ్బ, ఏం ఉక్క!" అని విసుక్కుంది.

అప్పటినుంచే వేడి ఎప్పుడూ ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటికి వెళుతుంది. అందుకే కబుర్లలో పడితే కాఫీ చల్లారిపోతుంది. చల్లటి పాదాలతో ఎవరైనా దుప్పట్లో దూరితే, పక్కన వెచ్చగా పడుకున్నవాళ్ళు కెవ్వుమంటారు.