దూలం కింది విస్తరి

విద్యాపీఠం భోజనశాలలో పైదూలం బీటలు వారింది. విద్యార్థులు ఒక కన్ను విస్తరిమీద, ఒక కన్ను కప్పుమీద పెట్టి తినేవారు.

"కొత్త దూలం కావాలా? కింద కూర్చునేవాళ్ళే ఖర్చు భరించండి" అన్నాడు పీఠాధిపతి. పేదపిల్లలు చదువు మానేసి మూటలు కట్టుకోసాగారు.

ఇంతలో రాజుగారు భోజనానికి వచ్చారు. వంటమనిషి పైడితల్లి ఆయన పీట సరిగ్గా దూలం కిందే వేసింది.

రాజు కూర్చోగానే, "లేవండి ప్రభూ, పైదూలం విరిగి పడుతుంది!" అని పీఠాధిపతి కేకపెట్టాడు.

"పిల్లలు రోజూ ఇక్కడేగా తినేది?" అన్నాడు రాజు.

"అవును మహారాజా. కింద కూర్చున్నవాళ్ళే ఖర్చు భరించాలని అయ్యగారి ఆజ్ఞ. ఇవాళ తమరు కూర్చున్నారు" అంది పైడితల్లి.

రాజు లేచాడు. "ఖర్చు నాది. దూలం మార్చేదాకా ఈ పీట పీఠాధిపతిది."

పీఠాధిపతి పెరుగన్నం దాకా ఆగలేదు. ఎంగిలిచేత్తోనే వడ్రంగి ఇంటికి పరుగెత్తాడు.