పిచ్చుక వెతికిన తెల్ల తల

ఇటు తిరిగి పడుకో. కాళ్ళు ఆడించకు, దుప్పటి జారిపోతుంది. పొద్దున నా జడ పట్టుకుని, "అమ్మమ్మా, రేపు మా బడికి వచ్చేటప్పుడు దీనికి నల్లరంగు వేసుకో" అన్నావు కదూ. దాని సంగతి కథ అయ్యాక చూద్దాం. ఊఁ కొడుతూ ఉండాలి మరి.

అనగనగా ఒక కాలవ, ఆ కాలవ ఒడ్డున ఒక అద్దకాల ఊరు. ఆ ఊళ్ళో బట్టల మీద పువ్వులూ నెమళ్ళూ అద్దుతారు. అద్దిన బట్టల్ని ఆడవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి జాడిస్తారు. వాళ్ళలో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ తల ముగ్గుబుట్టలా ఉండేది. ఇంట్లో ఆవిడా, ఆవిడ మనవరాలూ, అంతే. మనవరాలికి అమ్మా నాన్నా లేరు. ఆ పిల్ల ఒక్కచోట కుదురుగా కూర్చోదని అందరూ దాన్ని పిచ్చుక అని పిలిచేవాళ్ళు.

పిచ్చుక రోజూ బడి వదలగానే కాలవ వంతెన మీదికి పరిగెత్తుకొచ్చేది. అక్కణ్ణించి చూస్తే నీళ్ళలో వంగి ఉన్న ఇరవై మంది కనపడేవాళ్ళు. వాళ్ళ మధ్య ఒకటే తెల్ల తల. "అమ్మమ్మా" అని కేక వేసేది. నాంచారమ్మ తడి చెయ్యి పైకెత్తేది. అప్పుడు ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళేవాళ్ళు.

ఇలా ఉండగా, మంగళవారం పిల్లలు పద్యాలు చెప్తారు, తల్లులంతా రావాలి అని బడి పంతులుగారు కబురు పెట్టారు. నాంచారమ్మ సంబరంగా పెట్టెలోంచి మంచి చీర తీసింది. పిచ్చుక ఆ చీర వంక చూసి, "నువ్వు రావద్దు అమ్మమ్మా. అందరికీ అమ్మలొస్తారు. నీ తల చూసి నవ్వుతారు" అంది.

నాంచారమ్మ చీర మళ్ళీ మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. ఆవిడ మనసు మాత్రం చివుక్కుమంది. ఆ మాట చెప్పాలంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాత పిచ్చుక మేనత్త వచ్చి, మూడు రోజులు ఉంచుకుని పంపిస్తానని పిల్లను వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. అప్పుడు నాంచారమ్మకు ఒక ఆలోచన వచ్చింది. 'ఇన్నేళ్ళుగా ఎంత గుడ్డకు రంగు వేశాను, ఈ చారెడు జుట్టుకు వెయ్యలేనా' అనుకుంది.

మొదటిరోజు బట్టకు చేసినట్టే చేసింది. కరక్కాయ రసంలో గేదెపాలు కలిపి తల తడిపింది. ఆ పైన నల్లరంగు పూసింది. అద్దకాలవాళ్ళ నల్లరంగు దేనితో చేస్తారనుకున్నావు? పాత ఇనప ముక్కలూ బెల్లమూ కుండలో నానబెట్టి చేస్తారు. అది పూసుకుని, బట్ట ఆరేసినట్టు ఎండలో కూర్చుంది. జుట్టు నల్లబడిన మాట నిజమే. కానీ బెల్లానికి వీధిలో చీమలన్నీ బారులు తీరి ఆవిడ జడెక్కాయి. పాల వాసనకు పిల్లి ఒకటి వెంటపడింది. కుంకుడుకాయలతో మూడుసార్లు రుద్దుకుంటే చీమలు పోయాయి, నలుపూ పోయింది.

రెండోరోజు నీలిమందు తొట్టిలో జుట్టు ముంచింది. తీసి చూసుకుంటే పాలపిట్ట రెక్కలా నీలంగా ఉంది. పొరుగింటి భద్రమ్మ గోడ మీంచి చూసి, "ఏం నాంచారమ్మ వదినా, ఆ నీలం గుడ్డ తాను ఏ ఊరికి పంపిస్తున్నావు?" అంది. నాంచారమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

తలుపేసుకుని ఆలోచించింది. ఎరుపు మీద నీలం పడితే నలుపు వస్తుందని అద్దకం నేర్చుకునే పిల్లలకు తనే చెప్తుంది. తన తల దగ్గరికొచ్చేసరికి ఆ సంగతే మర్చిపోయింది. అందుకని మూడోరోజు గోరింటాకు మెత్తగా రుబ్బి తలకు పట్టించింది. మధ్యాహ్నం కడిగేసి, దాని మీద నీలిమందు పెట్టింది. అప్పుడు జుట్టు నిగనిగలాడుతూ నల్లగా వచ్చింది. అద్దంలో చూసుకుని కాస్త సిగ్గుపడింది కూడా.

సోమవారం పొద్దున మేనత్త పిచ్చుకను నేరుగా బడి దగ్గర దింపి వెళ్ళింది. సాయంత్రం పిచ్చుక వంతెన మీదికి వచ్చింది. నీళ్ళలో ఇరవై మందీ ఉన్నారు. తెల్ల తల లేదు.

నాంచారమ్మ ఓరగా చూస్తూనే ఉంది. పిల్ల తనను గుర్తుపట్టలేదని ముందు మురిసిపోయింది. అప్పుడు పిచ్చుక వంతెన దిగి గట్టు వెంట పరిగెత్తింది. "మా అమ్మమ్మ ఏది?" అని ఒక్కొక్కరినీ అడిగింది. వాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారే గాని చెప్పలేదు. తల వంచుకుని జాడిస్తున్న నాంచారమ్మ పక్కనుంచే పిచ్చుక వెళ్ళిపోయింది. ఆ తర్వాత గట్టు చివర మెట్టు మీద చతికిలబడి, "మా అమ్మమ్మ కూడా వెళ్ళిపోయింది" అని వెక్కివెక్కి ఏడ్చింది.

నాంచారమ్మ చేతిలో గుడ్డ నీళ్ళలోనే వదిలేసి పరిగెత్తింది. "నేనేనే పిచ్చుకా, ఇక్కడే ఉన్నానే" అంది. పిల్ల ఆవిడ మొహం చూసింది, ఆ నల్లజుట్టు చూసింది, మళ్ళీ మొహం చూసింది. అప్పుడు మెడ చుట్టూ చేతులు వేసేసింది.

"నీ తెల్ల తల ఏం చేశావు? అది లేకపోతే నువ్వెక్కడున్నావో నాకెలా తెలుస్తుంది?"

"నవ్వుతారన్నావు కదే" అంది నాంచారమ్మ.

"నవ్వితే నవ్వనీ, నువ్వు రా" అంది పిచ్చుక ముక్కు తుడుచుకుంటూ.

కానీ అది ఇక పోయే రంగా? ఎంత రుద్దినా పోలేదు. అప్పుడు పిచ్చుక ఇంట్లోంచి ఇంకా అద్దకం పడని తెల్లగుడ్డ ముక్క ఒకటి తెచ్చి అమ్మమ్మ తలకు కట్టింది.

మంగళవారం బడిలో తల్లులంతా వరుసగా కూర్చున్నారు. పిచ్చుక పద్యం చెప్పడానికి లేచి నిలబడింది. తలెత్తి చూసింది. అన్ని నల్ల తలల మధ్యా ఆ తెల్లగుడ్డ కనపడింది. దాన్నే చూస్తూ పద్యం మొత్తం తడబడకుండా చెప్పేసింది. ఎవరో ఇద్దరు నవ్వారట, తర్వాత తెలిసింది.

ఆ తర్వాత పిచ్చుక రోజూ పొద్దున్నే అమ్మమ్మ పాపిట చూసేది. బియ్యపు గింజంత తెలుపొచ్చింది అనేది. కొన్నాళ్ళకు బెత్తెడు వచ్చింది అంది. చివరికి ముగ్గుబుట్ట మొత్తం తిరిగొచ్చింది. ఆ రోజు ఇద్దరూ పాయసం వండుకుని తిన్నారు.

ఏమిటీ? ఆ పిచ్చుక నేనేనా అంటావా? ఇంత కుదురుగా కూర్చుని కథ చెప్తున్నదాన్ని పట్టుకుని ఆ మాటంటావేమిటే.

మీ అమ్మ తెచ్చిన రంగు డబ్బా అలమరలో ఉంది. వేసుకోమంటే వేసుకుంటాను, నాకూ సరదాగానే ఉంది. కాకపోతే అంతమంది పెద్దవాళ్ళలో నువ్వు నన్నెలా వెతుక్కుంటావో పొద్దున లేచి చెప్పు, అప్పుడు డబ్బా తీద్దాం.

కథ నడిచి కంచికి,
పిచ్చుక ఎగిరి గూటికి,
నిద్ర వచ్చి నీ కంటికి.