చాచిన కాలు

రాజ్యంలో మచ్చలేని అధికారి ఎవరో తేల్చి, అతని కాలికి తన చేత్తో గండపెండేరం తొడగాలని రాజు వీరమనాయకుడికి ఉన్నట్టుండి సరదా పుట్టింది.

ఆ మాట చెవిన పడిందో లేదో, కుస్తీ నేర్పే మల్లశాలలన్నిటికీ పెద్ద అయిన భీమేశ్వరయ్య సభలోకి వచ్చి కూర్చుని ఎడమకాలు చాచేశాడు.

"పన్నెండేళ్లుగా నా మల్లశాలల మీద ఒక్క ఫిర్యాదు లేదు ప్రభూ!"

రాజుకు తమలపాకులు చుట్టి ఇస్తున్న అడపకత్తె కుప్పసానికి ఒళ్లు మండింది. ఫిర్యాదు చేసినవాణ్ణి చేసినట్టే తరిమేస్తుంటే ఇంకెక్కడ మిగులుతాయి! అదిగో, సభ చివర ఓబన్న అనే కుర్ర మల్లుడు వేలాడే చేత్తో నిలబడి ఉన్నాడు. గురువు గజ్జలప్ప పాఠం పేరుతో చావబాది భుజం విరిచాడని మొరపెట్టుకున్నాడు. అందుకు గురుద్రోహి అని పేరుపెట్టి, దేశం నుంచి వెళ్లగొట్టమని ఆజ్ఞ రాయించాడు ఈ పెద్దమనిషి. రాజముద్ర పడటమే తరువాయి.

"వీడు చెప్పింది అబద్ధమేనా?" అన్నాడు రాజు ముద్ర అందుకుంటూ.

"పచ్చి అబద్ధం! గజ్జలప్పది వెన్నలాంటి చెయ్యి. మూడేళ్లలో నాలుగు మల్లశాలలకు మార్చానంటే, ఆ విద్య అందరికీ అందాలనే."

కుప్పసాని ఆకు చుట్టడం ఆపింది.

"ఎంత పెద్ద మనసు! ప్రభూ, అంతటి గురువుని ఊరూరా తిప్పడం ఏం మర్యాద? అయ్యగారికి ఇద్దరు మనవలున్నారు. రేపటి నుంచి గజ్జలప్పని వాళ్లింట్లోనే పెట్టి పిల్లలకి పట్లు నేర్పించండి. ఆయన తలుపులు వేసుకుని మరీ నేర్పుతాడట."

"భేష్! రాయండి," అన్నాడు రాజు.

భీమేశ్వరయ్య ముఖం పాలిపోయింది. "మావాళ్లు పసివాళ్లు ప్రభూ..."

"ఓబన్న చేరినప్పుడూ పసివాడేగా," అంది కుప్పసాని.

"పైగా జలుబు..."

"తగ్గాకే మొదలుపెడతాడు లెండి."

లేఖకుడు ఘంటం ఎత్తాడు. అంతే, భీమేశ్వరయ్య అరిచాడు.

"వద్దు! వాడు రాక్షసుడు! వాడి చెయ్యి నా పిల్లల మీద పడనివ్వను!"

వెన్నలాంటి ఆ చేతి సంగతి ఈయనకి మొదటినుంచీ తెలుసని అందరికీ అర్థమైపోయింది.

రాజు ఓబన్న మీది ఆజ్ఞని రెండు ముక్కలు చేశాడు. గజ్జలప్పని పట్టుకురమ్మని భటుల్ని పంపాడు. గండపెండేరం తీసి కుప్పసాని కాలికి తొడిగాడు.

ఇదే అదనుగా భీమేశ్వరయ్య తన కాలు మెల్లగా ముడుచుకోబోయాడు. కుప్పసాని చూడనే చూసింది.

"అలాగే ఉంచండి అయ్యగారూ! సంకెల వేసేవాడికి వీలుగా ఉంటుంది."

సభ ఘొల్లుమంది. భుజం పట్టుకుని ఓబన్న కూడా నవ్వాడు.