మేఖల పాటకు ఏ యాప్?

పురుషోత్తం చీరాలలో పిల్లలకు సంగీతం నేర్పుతాడు. అతని ఎనిమిదేళ్ల కూతురు మేఖల పది రోజులుగా కూనిరాగం తీయడం మానేసింది.

అంతకుముందు ఆ పిల్ల నోరు ఊరుకునేది కాదు. జడ వేయించుకుంటూ ఒక వరస కట్టేది, చెప్పులు వెతుక్కుంటూ ఇంకో వరస. ఏదీ ఎవరూ నేర్పింది కాదు. పిల్లలు సొంతంగా కట్టిన పాటలకు పోటీ పెడుతున్నారని తెలిసి, మేఖల వరసలను రాయించాలని పురుషోత్తం టాబ్లెట్‌లో మూడు యాప్‌లు ఎక్కించాడు. ఏది మంచిదో తేల్చుకోలేక రోజుకొకటి పిల్ల ముందు పెట్టాడు. ఆమె గొంతెత్తితే చాలు, "ఆగు, అది గాంధారమా, మధ్యమమా? తాళంలో ఎన్ని అక్షరాలు పట్టావు?" అనేవాడు.

పోటీకి ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. కూతుర్ని వెంటబెట్టుకుని, తనకు పన్నెండేళ్లు నాదస్వరం నేర్పిన దాదా సాహెబు గారి ఇంటికి వెళ్లాడు.

సాహెబు గారు వసారాలో చాప మీద కూర్చుని వాద్యం తుడుచుకుంటున్నారు. పురుషోత్తం నమస్కారం పెట్టి, కూర్చోకుండానే టాబ్లెట్ తెరిచాడు.

"గురువుగారూ, ఇందులో ఇంగ్లీషు సంగీతంలోలా అయిదు గీతల మీద రాయాలి. ఇందులో మన సరిగమలు ఉంటాయి, తాళం తప్పితే గడి ఎర్రబడుతుంది. ఈ మూడోది వేలితో గీత గీస్తే మోగుతుంది, ఉత్త ఆటబొమ్మ. నాకైతే రెండోదే మంచిదనిపిస్తోంది. మీరొక్క మాట చెబితే ఇవాళే మొదలుపెట్టిస్తాను."

"ఇప్పటిదాకా ఏం రాసింది?"

"ఏమీ రాయలేదండీ. మొండికేసింది. నా దగ్గర నేర్చుకునే పిల్లలందరూ రాస్తున్నారు. నా కూతురే..."

మేఖల తల దించుకుంది.

సాహెబు గారు గుడ్డ పక్కన పెట్టారు. "ఇట్లా వచ్చి కూర్చోవయ్యా" అన్నారు శిష్యుడితో. కూర్చోగానే అతని కుడి మణికట్టు పట్టుకున్నారు. ఎనభై దగ్గరపడ్డ మనిషి పట్టు అంత గట్టిగా ఉంటుందని పురుషోత్తం అనుకోలేదు.

"తల్లీ, నీకు తోచింది పాడు. తోచకపోతే ఊరికే కూర్చుందాం."

వీధిలో ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయింది. మేఖల నాన్న ముఖం చూసింది. పట్టులో ఉన్న అతని చెయ్యి చూసింది. అప్పుడు సన్నగా ఎత్తుకుంది.

మూడు స్వరాలు పైకి వెళ్లాయి. తాళం వేయడానికి పురుషోత్తం చెయ్యి లేవబోయింది. పట్టు బిగిసింది.

నాలుగో స్వరం దగ్గర పిల్ల ఆగిపోయింది.

పంచమం. అక్కడ పంచమమే రావాలి. తాళం దాటిపోతోంది. మరిచిపోయినట్టుంది, ఒక్క స్వరం అందిస్తే చాలు. పురుషోత్తం నోరు తెరిచాడు. సాహెబు గారు అతని వంక చూడనైనా లేదు, వేళ్లు మాత్రం ఎముక దాకా దిగాయి. మేఖల పెదవి వణికింది.

పిల్ల కళ్లు మూసుకుంది. పైకి పోలేదు, కిందికి దిగింది. పాడేవాళ్లందరూ ఆగకుండా దాటిపోయే ఒక మంద్ర స్వరం మీద కాసేపు నిలబడి, మెల్లగా షడ్జానికి చేరింది.

పురుషోత్తం ఆ దారి ఎరగడు. ముప్ఫై ఏళ్ల సంగీతంలో అతనెప్పుడూ ఆ చోట దిగలేదు.

చివరికి అడిగాడు. "ఏది వాడమంటారు గురువుగారూ?"

"పాడిన వాళ్లనడుగు."

సాహెబు గారు ఇంకా చెయ్యి వదల్లేదు. పురుషోత్తం ఎడమచేత్తో టాబ్లెట్ తీసి కూతురి ఒళ్లో పెట్టాడు.

మేఖల మూడూ తెరిచి చూసి, మూడోదాని దగ్గర ఆగింది. వేలితో ఒక గీత పైకి గీసింది. తర్వాత బోలెడంత జాగా వదిలేసి, ఇంకో గీత కిందికి దించింది. తెర మీంచి వేలు తీయకుండానే తలెత్తింది.

"నాన్నా, మధ్యలో ఇంత ఖాళీ ఉండొచ్చా?"

పోటీ వాళ్లు సరిగమల్లో రాసి పంపమన్నారు. ఈ గీతలు చూడనైనా చూడరని పురుషోత్తానికి తెలుసు. తాళంలో ఆ ఖాళీ ఇమడదనీ తెలుసు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగాడు.

"ఉండొచ్చమ్మా."

సాహెబు గారు అతని చెయ్యి వదిలారు. మణికట్టు మీద అయిదు వేళ్లూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"రోజూ పట్టుకోవడానికి నేను రాలేనయ్యా" అన్నారు.